భావ సంవత్సరపు కవితాలోకము: ‘గోలకొండ కవుల సంచిక’ - పునర్విమర్శ

1

సాహిత్యచరిత్రమును వ్రాయువారు యుగములతో పని చేయుదురే గాని సంవత్సరములతో చేయరు. నన్నయ యుగము, శ్రీనాథ యుగము, ప్రబంధ యుగము, భావకవితా యుగము అని మనము తరగతులలో నిత్యము చెప్పుచుందుము. బోధనకు ఇట్టి విభాగము అనుకూలమే. కాని ఒక్క సంవత్సరమును తీసికొని, ఆ పండ్రెండు నెలలలో కవితాలోకమున ఏమి జరిగెనో, అది ఎవరి కంటబడెనో, ఎవరి కంటబడలేదో పరికించినచో యుగనామము క్రింద ఒదుగని విషయములు అనేకములు బయలుపడును. ఆ ఉద్దేశముతోనే మేము ఈ వ్యాసమునకు 1934వ సంవత్సరమును ఎన్నుకొంటిమి.

పంచాంగము ననుసరించి 1934 ఉగాదితో ప్రవేశించినది భావ నామ సంవత్సరము. దాని వెనుక వచ్చినది యువ. భావకవిత్వము తన పరిణతిని పొంది, దానిపై అసంతృప్తి మొలకెత్తుచున్న కాలమున ఈ పేర్లు ఈ వరుసలో వచ్చుట కేవలము యాదృచ్ఛికము. అయినను జ్ఞాపకము పెట్టుకొనుటకు అనుకూలము. 1928లో తన తొలి పద్యసంపుటికి ‘ప్రభవ’ అను సంవత్సరనామమునే పెట్టుకొన్న శ్రీశ్రీ ఆరేండ్ల తరువాత ఈ భావ సంవత్సరమున ‘మహాప్రస్థానం’ గీతమును రచించెను. ఆ గీతము పేర వెలసిన సంపుటి పాఠకుల చేతికి వచ్చుటకు 1950 దాక ఆగవలసి వచ్చెను. మరుసటి యేడు, 1935లో, ముద్దుకృష్ణ సంపాదకత్వమున ‘వైతాళికులు’ వెలువడెను. ఈ రెండు సంఘటనలకును మన చరిత్రలలో స్థానము స్థిరపడినది.

అదే 1934లో హైదరాబాదు నుండి మరియొక గ్రంథము వచ్చెను. సురవరము ప్రతాపరెడ్డి సంపాదించిన ‘గోలకొండ కవుల సంచిక’ అది. దీని విషయమున మన అలవాటు వేరు. “మూడువందల యేబదినలుగురు తెలంగాణ కవులు” అని సంఖ్యను చెప్పి ముందునకు సాగిపోవుదుము. విద్యార్థి ఆ సంఖ్యను పరీక్షలో వ్రాయును. ఆ 354 మందిలో ఒక్కని పద్యమునైనను చదివి యుండడు. ఈ సంచికను నిందకు సమాధానముగానే గాని కవితాసంకలనముగా మనము విమర్శింపలేదు. సంకలనముగా విమర్శించినచో దాని గుణములు, దోషములు రెండును మనము అనుకొన్న చోట గాక వేరొక చోట నున్నట్లు తోచును. దానిని నిరూపించుటయే ఈ వ్యాసము యొక్క ప్రయోజనము.

2

సంచిక పుట్టుకకు కారణమైన కథ సుప్రసిద్ధము. నిజాం రాష్ట్రమున ఆంధ్రకవులు ‘పూజ్యము’ అని ముడుంబ వేంకటరాఘవాచార్యులు అనిన మాట తెలంగాణ పండితులను నొప్పించెను. పూజ్యమనగా పూజింపదగినది, గణితపరిభాషలో సున్న. ఇచ్చట రెండవ అర్థమే వక్త ఉద్దేశము. దానికి ప్రతాపరెడ్డి వాదముతో గాక లెక్కతో సమాధానము చెప్పెను. సున్న యని చెప్పినవానికి 354 అని చూపెను.

ఆ నింద ఎట్టి నేలపై పడెనో చూడక సమాధానము యొక్క విలువను తెలియజాలము. నాటి నిజాం రాష్ట్రమున తెలుగు మాటలాడువారు అధికసంఖ్యాకులైనను పాలనకు, విద్యకు ఉర్దూయే భాష. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1948 వరకు బోధన ఉర్దూలోనే సాగెను. కోస్తాప్రాంతమున 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు స్థాపితమయ్యెను. మద్రాసు నుండి 1914 నాటికే ‘ఆంధ్రపత్రిక’ దినపత్రికగా, 1924 నుండి ‘భారతి’ మాసపత్రికగా వెలువడుచుండెను. ఇచ్చట 1926లో ‘గోలకొండ’ పత్రిక ఆరంభమగునంతవరకు తెలంగాణ రచయితలకు నమ్మదగిన రచనావేదికలు బహుస్వల్పములు. 1921లో హైదరాబాదు వివేకవర్ధనీ నాటకశాలలో జరిగిన సభయందు ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడబోగా సభ్యులు అల్లరిచేసి ఆపిరి. ఆ అవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. సభ జరుపవలెనన్న ప్రభుత్వానుమతి ముందుగా పొందవలెనని నిర్బంధించిన గస్తీ నిషాను 53 తరువాతి సాహిత్యసభలకు గూడ అడ్డుపడెను.

ఈ పరిస్థితులలో తెలుగునకు నిలువ నీడ నిచ్చినవి గ్రంథాలయములు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము, 1905లో సికింద్రాబాదున ఆంధ్రసంవర్ధనీ గ్రంథాలయము వరుసగా వెలసెను. మేము ఈ వ్యాసమును వ్రాయుచున్న సికింద్రాబాదునకు ఈ కథలో ప్రత్యేకమైన పాత్ర కలదు. 1806లో సికందర్‌జా పేర వెలసిన ఈ ఊరు, జనులు లష్కరని పిలుచుకొనునది, ఆంగ్లేయుల దండునకు స్థానము. 1874లో వాడి నుండి ఇచ్చటికి రైలుమార్గము వచ్చెను. 1889 నాటికి ఆ మార్గము బెజవాడను తాకెను. కోస్తాసీమల అచ్చుపుస్తకములకు, పత్రికలకు ఈ స్టేషను సహజముగా ద్వారమయ్యెను.

అయితే ఆ రాకపోకలు సమముగా సాగలేదు. బెజవాడ, మద్రాసులలో అచ్చయినది ఇచ్చటికి వచ్చెను. ఇచ్చటి పల్లెలలో పుట్టిన పద్యము అచ్చటికి పోలేదు. తెలంగాణ పాఠకుడు కృష్ణశాస్త్రిని ఎరుగుటకు అవకాశము కలిగెను. తెలంగాణ కవిని ఎరుగుటకు కృష్ణాతీరపు పాఠకునకు దారి లేదు. కావున ‘పూజ్యము’ అను మాట తెలంగాణ కవుల స్థితిని తెలుపదు. అచ్చుయంత్రముల స్థితిని తెలుపును. అచ్చునకు ఎక్కినవాడే కవి యను భ్రమ ఆ మాటకు మూలము. తాళపత్రములలో, చేతివ్రాత పుస్తకములలో, దేవాలయ మంటపములలో, అవధానసభలలో నిలిచియున్న కవిత్వము ఆ లెక్కలోనికి రాలేదు. ప్రతాపరెడ్డి క్రొత్తగా కవులను సృష్టింపలేదు. వ్రాతలో నున్నవారిని అచ్చులోనికి తెచ్చెను.

3

సంచికను ఆయన కూర్చిన విధానము విమర్శకులు గమనింపదగినది. పత్రికాముఖమున కవులను ఆహ్వానించి, ఊరూర నుండి వచ్చిన పద్యములను చేర్చెను. ఎన్నిక ఆయన లక్ష్యము కాదు. ఎన్నిక లేకపోవుట విమర్శనాశక్తి లేమి యని కొందరు తలపవచ్చును. కాని ఆ నిరాకరణము కూడ ఒక విమర్శనిర్ణయమే. “మీలో మహాకవి ఎవడు?” అను ప్రశ్నకు ఆయన ఉత్తరమీయలేదు. “మీ నేలపై కవిత్వమెచ్చట జీవించియున్నది?” అను వేరొక ప్రశ్నను నిలిపి దానికి ఉత్తరమిచ్చెను. మొదటి ప్రశ్నకు పది పేర్లు చాలును. రెండవ ప్రశ్నకు పదిపేర్ల ఉత్తరము ఉత్తరమే కాదు.

సంకలనమనునది తెలుగున క్రొత్తది గాదు. తెలంగాణలోనే రామగిరి ప్రాంతమునకు చెందిన మడికి సింగన ‘సకలనీతిసమ్మతము’ను కూర్చి నీతికావ్యముల నుండి పద్యములను ఒకచోట చేర్చియుండెను. తరువాత పెదపాటి జగ్గన ‘ప్రబంధరత్నాకరము’ వర్ణనలను వరుసపరచెను. ఈ రెంటియందును పద్యమునకు విషయము ప్రధానము. కవి వెనుక నుండును. వీరేశలింగము ‘ఆంధ్రకవుల చరిత్రము’ కవిని ముందుకు తెచ్చెనుగాని అది గతించినవారి చరిత్రము. సజీవులైన కవులను, వారి ఊళ్లతో, వారి పద్యములతో ఒకచోట నిలుపుట ‘గోలకొండ కవుల సంచిక’కు ముందు ఇంత విస్తృతముగా జరుగలేదు.

దీనికి సమీపమైన పోలిక తెలుగులో గాక ఉర్దూలో కనబడును. మీర్ తకీ మీర్ 1752లో రచించిన ‘నికాతుశ్శుఅరా’ మొదలుగా తజ్కిరాలను ఒక సాహిత్యప్రక్రియ ఉత్తరాపథమున ప్రబలెను. దక్కనులోను ఔరంగాబాదున లచ్ఛమీనారాయణ షఫీఖ్ అట్టి గ్రంథమునే కూర్చెను. కవి పేరు, అతనిని గూర్చి నాలుగు మాటలు, అతని రచన నుండి కొన్ని పాదములు - ఇదియే తజ్కిరా నిర్మాణము. ప్రతాపరెడ్డి ఉర్దూ చక్కగా ఎరిగినవాడు. ఉర్దూ సాహిత్యవాతావరణము దట్టముగా అలముకొన్న నగరమున పత్రికను నడపినవాడు. తన సంచికకు ఆయన తజ్కిరాలను నమూనాగా పెట్టుకొనెనని మేము వాదింపము. ఒక్క భేదమును మాత్రము చూపుదుము. తజ్కిరా ప్రధానముగా నగరపు ముషాయిరాల లోకమునకు చెందినది. అందలి కవులు ఒకరినొకరు ఎరుగుదురు, గురుశిష్యపరంపరచే బద్ధులు. సంచికలోని కవి పల్లెవాడు. ప్రక్క తాలూకాలోని కవిని అతడు ఎరుగడు. సంచిక పుటలను త్రిప్పినపుడే మొదటిసారి తనవంటివారు మూడువందలమందికి పైగా కలరని అతనికి తెలిసెను. నిందించినవారికంటె నిందపడినవారికే ఈ గ్రంథము ఎక్కువ విషయమును తెలిపినది.

4

‘వైతాళికులు’ను దీని ప్రక్కన నిలిపి చూచిన ఈ అంశము మరింత స్పష్టమగును. వైతాళికుడనగా ప్రాతఃకాలమున గానముతో రాజును మేల్కొలుపువాడు. ఆ పేరు పెట్టుటలోనే ముద్దుకృష్ణ నిర్ణయము ఇమిడియున్నది. ఒక క్రొత్త యుగము ఉదయించినది, దానిని చాటినవారు వీరు, మిగిలినవారు కారు. గురజాడ నుండి ఆరంభించి నవ్యకవుల ఖండికలను ఏరి కూర్చిన ఆ గ్రంథము ఒక కవితామార్గమునకు ప్రమాణపత్రమయ్యెను. ‘గోలకొండ కవుల సంచిక’ పేరు అట్లు కాదు. సంచిక యనునది పత్రికాపరిభాష. గోలకొండ యనునది స్థలనామము. ఒక గ్రంథము కవులను వారు చేసిన పనిని బట్టి పిలిచినది. మరియొకటి వారు నిలిచిన చోటును బట్టి పిలిచినది. మొదటిది మార్గమును చూపును. రెండవది పటమును గీయును.

ఒక యేటి అంతరముతో వచ్చిన ఈ రెండింటిలో మొదటిదాని ప్రమాణముతో రెండవదానిని కొలుచుట మన విశ్వవిద్యాలయములలో అలవాటైనది. అట్లు కొలిచినచో సంచిక వెనుకబడినట్లు కనబడుట నిశ్చయము. అందు పద్యమే ప్రధానము. దైవస్తుతి, నీతి, ప్రకృతివర్ణనము, మాతృభాషాభిమానము, సంఘసంస్కారము అందలి విషయములు. ఆత్మనాయకమైన ప్రణయవేదన, నవ్యచ్ఛందోరీతులు ప్రధానస్రవంతిగా నుండవు. దీనిని బట్టి తెలంగాణ కవులకు నవ్యకవిత్వపు గాలి సోకలేదని తీర్మానించుట కలదు. ఈ తీర్మానము నిలువదు. ‘తృణకంకణము’తో నవ్యమార్గమునకు దారిచూపిన రాయప్రోలు సుబ్బారావు నాటికి ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడు. భావకవితాప్రవర్తకుడు నివసించుచున్న నగరము నుండియే ఈ సంచిక వెలువడెను. కావున పద్యమును విడువకుండుటకు కారణము అజ్ఞానము కాదు, మరియొకటి కావలెను.

ఆ కారణము విద్యావిధానమున నున్నదని మా అభిప్రాయము. కోస్తాప్రాంతమున తెలుగు పాఠశాలలో ఉండెను. పాఠ్యపుస్తకములలో పద్యము నిర్బంధముగా ఉండెను. అచ్చటి యువకవి పద్యమును త్రోసిపుచ్చుటలో బడిని, పండితుని, వ్యాకరణమును త్రోసిపుచ్చిన ఉత్సాహము కలదు. తెలంగాణలో బడి ఉర్దూది. తెలుగు నేర్పినది ఇల్లు, వీథియరుగు, పురాణశ్రవణము, పోతన భాగవతము, శతకము. ఇచ్చటి బాలునకు ఛందస్సే తెలుగుబడి. కందమును, సీసమును నిలుపుకొనుట యనగా భాషను నిలుపుకొనుటయే. ఒకచోట బంధనముగా తోచినది మరియొకచోట ఆశ్రయమయ్యెను. ఇట్టి రెండు స్థితులను ఒకే కొలబద్దతో కొలిచి ఒకదానిని ఆధునికమని, వేరొకదానిని ప్రాచీనమని పేరు పెట్టుట శాస్త్రీయము కాదు.

మా ఈ వాదమునకు తరువాతి చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది. 1934 నాటికి దాశరథి కృష్ణమాచార్యులు తొమ్మిదేండ్ల బాలుడు. అతనికి సంస్కృతాంధ్రములు ఇంటిలో తండ్రి నుండి, ఉర్దూ బడి నుండి లభించెను. నిజాం పాలనపై తిరుగబడి చెరసాల పాలైన అతడు 1949లో ‘అగ్నిధార’ను ప్రకటించెను. అందు వృత్తపద్యము తిరుగుబాటునకు కంఠమయ్యెను. కోస్తా విప్లవకవి వృత్తమును విడిచి నడచిన దారికి తెలంగాణ విప్లవకవి వృత్తముతోనే చేరెను. ఈ విశేషమునకు వ్యక్తిప్రతిభ ముఖ్యకారణమే. అయినను పద్యమును పోగొట్టుకొనని నేల అతని వెనుక ఉండెనను సంగతి విస్మరింపరాదు. ఆ నేల యొక్క స్వరూపమును మనకు చూపు గ్రంథము సంచికయే.

5

ఇంతవరకు గుణమును చెప్పితిమి. దోషములను చెప్పకున్న ఇది స్తుతియే యగును.

మొదటిది: ఎన్నికను విడిచిన గ్రంథమున తారతమ్యము కొరవడుట తప్పదు. పరిపక్వమైన పద్యమును, గణములు సరిపోయిన చాలునన్న పద్యమును సమానముగా పీటవేసి కూర్చుండబెట్టినచో, మంచి పద్యమునకే నష్టము. నేటివరకు సంచిక నుండి ఒక కవియైనను విశేషముగా పైకి రాలేదన్నచో అందుకు ఈ సమత్వము కొంత కారణము. ప్రతాపరెడ్డి కాలమున ఇది అనివార్యము కావచ్చును. ఆయన తరువాత వచ్చిన మనము ఆ తారతమ్యనిర్ణయమును చేయకుండుట మాత్రము అనివార్యము కాదు.

రెండవది మరింత గంభీరము. సంచిక నిందను త్రోసిపుచ్చెనుగాని నింద వెనుక నున్న నిర్వచనమును త్రోసిపుచ్చలేదు. కవి యనగా పద్యమును వ్రాయువాడు అను ఊహను నిందించినవాడును, సమాధానమిచ్చినవాడును సమానముగా అంగీకరించిరి. కావున అక్షరజ్ఞానము లేక పాడినవారు, నాటువేయు స్త్రీలు, బతుకమ్మపాటలు కట్టినవారు, కథలు చెప్పు బుడిగజంగములు, ఒగ్గువారు ఆ లెక్కలోనికి రాలేదు. వీరిని చేర్చినచో 354 అను సంఖ్య ఎచ్చట ఆగునో చెప్పజాలము. ఆ లోపము తీరుటకు చాలకాలము పట్టెను. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు చేసిన పరిశోధనము ‘తెలుగు జానపదగేయసాహిత్యము’గా 1958లో గ్రంథరూపమును పొందినపుడు గాని ఆ పాటలకు విశ్వవిద్యాలయమున స్థానము దొరకలేదు.

ఇచ్చట ప్రతాపరెడ్డికి న్యాయము చేయవలసియున్నది. ఆయన 1934 వద్ద నిలిచిపోలేదు. 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆయన పాల్కురికి సోమనాథుని, క్రీడాభిరామమును, శతకములను, సామెతలను, ఆటలను ప్రజాజీవితమునకు సాక్షులుగా పిలిచి పలికించెను. రాజుల శాసనములతో సమానముగా వంటను, వస్త్రమును, వినోదమును పరిశీలించెను. కవులను లెక్కించిన సంపాదకుడు పదునైదేండ్లలో కవిత్వము నుండి జనజీవితమును రాబట్టు చరిత్రకారుడయ్యెను. ఆయన 1953లో కీర్తిశేషుడయ్యెను. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన మొదటి బహుమానమును ఆ గ్రంథము పొందెను. మొదటి గ్రంథము “మేము కలము” అని చెప్పినది. రెండవది “మేము ఎట్లు జీవించితిమి” అని చెప్పినది. ఈ రెండింటిని కలిపి చదివిననే ఆయన సాహిత్యదృష్టి పూర్ణముగా అవగతమగును.

6

పరిశోధకవిద్యార్థులకు ఇచ్చట పని కొదువ లేదు. మూడు పనులను మాత్రము సూచింతుము. ఒకటి, సంచికలోని కవులను గ్రామ, తాలూకాల ననుసరించి పటమున గుర్తించుట. ఏ ప్రాంతమున కవులు దట్టముగా ఉండిరి, ఎచ్చట పలుచగా ఉండిరి, ఆ భేదమునకు సంస్థానముల పోషణ కారణమా, మఠములా, గ్రంథాలయములా అనునది అప్పుడు తేలును. రెండు, ఛందస్సును, పదజాలమును పరిశీలించుట. ఉర్దూ పాలనలో జీవించిన కవి పద్యమున ఉర్దూపదమును ఎంత రానిచ్చెను, ఎంత తప్పించెను అను ప్రశ్నకు సమాధానము భాషాచరిత్రకు గూడ అక్కరకు వచ్చును. మూడు, ఆ కవుల వంశీయుల ఇండ్లలో మిగిలిన వ్రాతప్రతులను వెదకుట. సంచికలో చోటు దొరికినది కొద్ది పద్యములకే. వాని వెనుక సంపూర్ణకావ్యములు ఉండవచ్చును. కాగితము ఆగదు, ఈ మూడవ పనికి వ్యవధి తక్కువ.

తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడిన తరువాత ఈ సంచిక పేరు సభలలో తరచుగా వినబడుచున్నది. 2017లో హైదరాబాదున జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల వంటి సందర్భములు ఆ స్మరణమునకు బలమిచ్చినవి. ఇది సంతోషింపదగినదే. కాని స్మరణము వేరు, పఠనము వేరు. వేదికలపై 354 అను సంఖ్యను ఉచ్చరించి, గ్రంథమును తెరువకుండుట ఆ కవులకు న్యాయము కాదు. ఒకనాడు వారిని చదువకయే పూజ్యమనిరి. నేడు చదువకయే పూజించినచో ఫలితమున భేదమేమి? నిందలోను, పూజలోను పద్యము చదువబడకుండ మిగిలిపోయెను.

ఒక సంవత్సరపు కవితాలోకమును పరిశీలించుటకు పూనుకొని మేము ఒక గ్రంథము వద్దనే ఎక్కువసేపు నిలిచితిమి. ఆ యేడు కదిలిన ‘మహాప్రస్థానం’ గీతము తన పాఠకులను తానే సంపాదించుకొన్నది. వెనువెంట వచ్చిన ‘వైతాళికులు’కు తరగతిగది దొరకినది. సంచికలోని కవులకు దొరకవలసినది తరగతిగదిలో ఒక గంటయే. వారిలో కనీసము పదిమంది పద్యములను ఏరి, గుణదోషములను నిర్ణయించి, పాఠ్యప్రణాళికలో చేర్చుట తెలుగుశాఖలకు అసాధ్యము కాదు. సంపాదకుడు విడిచిన ఎన్నికను ఆచార్యులు పూరింపవలసియున్నది. ఆ పని జరిగిననాడు భావ సంవత్సరపు లెక్క తేలును.